నత్తను తీసేసిన రోజు

నత్త మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది స్నానం దగ్గర.

నత్త అంటే మనిషే. మేము తయారుచేస్తున్న ఆప్‌లో ఆ పేరు పెట్టుకున్న సభ్యుడో, సభ్యురాలో. ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గుండ్రం, వయసు రాయాల్సిన చోట ఒక గీత. మీ ఊళ్ళో ఎక్కడ దిగాలి అని మా చెల్లి అడిగితే ఆ నత్త ఇచ్చిన జవాబు ఇది: "గడియార స్తంభం ఎదురుగా ఉన్న మూడంతస్తుల లాడ్జిలో దిగకండి. వెనక వీధిలో టైర్ల షాపు పైన ఒకావిడ గదులు అద్దెకిస్తుంది, అక్కడికి వెళ్ళండి. తప్పనిసరై లాడ్జిలోనే దిగితే మాత్రం అక్కడ స్నానం చెయ్యకండి."

మీరే చెప్పండి. ముక్కూ మొహం తెలియని ఆడపిల్లకి స్నానం గురించి సలహా ఇచ్చేవాణ్ణి ఏమనుకోవాలి? నేనైతే చదవగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "వీడి దుంప తెగ!" అని పైకే అనేశాను.

పక్క బల్ల దగ్గర కళ్ళజోడు తలెత్తి చూశాడు. కళ్ళజోడు మా ఆప్‌కి కోడు రాసే మనిషి. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు.

"ఇవాళ ఎవరు దొరికారు?" అన్నాడు.

"దళారి. లాడ్జీల దళారి. ఒక లాడ్జి మీద బురద చల్లడం, ఇంకో చోటికి తోలుకుపోవడం. చూడు, పద్ధతి ప్రకారం ఎలా చేస్తున్నాడో."

"స్నానం ఎందుకు చెయ్యకూడదో అడిగితే పోలా?"

"దొంగని అడిగితే దొంగతనం చేశానని చెబుతాడా?"

అతను మళ్ళీ తెరలోకి తల దూర్చేశాడు. నాతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు. గెలవలేక కాదు, ఓపిక లేక.

మా ఆప్ పేరు తోవ. భుజాన సంచి తగిలించుకుని, చేతిలో ఉన్నంతలో ఊళ్ళు తిరిగే కుర్రకారు కోసం అది. ఒకరు అడుగుతారు, అంతకుముందు వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతారు. ఏ బస్సెక్కాలి, ఎక్కడ పడుకోవాలి, ఎవరి మాట నమ్మకూడదు, అన్నీ. ఆఫీసంటే ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద రెండు గదులు. కింద యంత్రం తిరిగినంతసేపూ మా బల్లలు సన్నగా వణుకుతుంటాయి, టీ గ్లాసులు వాటంతటవే అంచుదాకా జరుగుతుంటాయి. మా యజమానిని రేపటికల్లా అంటాం, ఎందుకంటే ఏ పనైనా ఆయనకి రేపటికల్లా కావాలి. నా పని డిజైను. తెర మీద ఏది ఎక్కడుండాలి, ఏ మాట రాయాలి, అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరిని నమ్మొచ్చో ఎవరిని నమ్మకూడదో చూడగానే తెలిసేట్టు ఎలా చెయ్యాలి. పనిలోకి తీసుకున్న రోజే రేపటికల్లా అన్నాడు, "నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, నువ్వు నీ నీడని కూడా నమ్మవు. మాకు కావలసింది అలాంటి మనిషే" అని. పొగిడాడో తిట్టాడో నాకిప్పటికీ తెలియదు.

నమ్మదగ్గవాళ్ళకి ఆకుపచ్చ టిక్కు వస్తుంది. దాని షరతులు నేనే రాశాను. మొహం కనిపించే ఫొటో ఉండాలి. కనీసం మూడు ఊళ్ళు తిరిగి ఉండాలి. ఇరవై మంది 'పనికొచ్చింది' అని ఉండాలి. లాడ్జీలకి కూడా అంతే, దిగి వెళ్ళినవాళ్ళలో ఇరవై మంది బాగుందంటే టిక్కు. ఆ మూడంతస్తుల లాడ్జికి ఇరవై ఆరు మంది బాగుందన్నారు. నత్తకి ఒక్క షరతూ సరిపోలేదు. ఫొటో లేదు. ఒక్క ఊరు దాటి ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు. రాసేది రోజూ మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్యనే. ఊళ్ళు తిరిగేవాడైతే ఒక పూట బస్సులో ఉంటాడు, ఒక పూట నిద్రపోతాడు. రోజూ అదే ఊరు, అదే వేళ అంటే అది తిరుగుడు కాదు, ఉద్యోగం.

మామూలు రోజుల్లో అయితే నేనూ ఇంత ఎగిరేదాన్ని కాదేమో. కానీ అడిగింది మా చెల్లి.

దానికి ఇరవై ఏళ్ళు. నాకూ దానికీ మధ్య పదకొండేళ్ళ తేడా. అది పుట్టినప్పుడు అమ్మకి ఒంట్లో బాగోక, దాని పాలసీసాలు కడిగింది నేను, జోకొట్టింది నేను. ఒంటరిగా సంచి వేసుకుని మూడు వారాలు తిరిగొస్తానని అది అన్నప్పుడు అమ్మ ససేమిరా అంది. అమ్మ బస్సు డిపోలో టికెట్ల కౌంటర్లో కూర్చుంటుంది. ఏ ఊరి బస్సులో ఏం జరిగిందో అన్నీ ఆవిడ చెవిన పడతాయి. మంచివి ఎవరూ వచ్చి చెప్పరు కాబట్టి చెడ్డవే పడతాయి. చివరికి నేనే అడ్డం పడ్డాను. "మా ఆప్ ఉందిగా అమ్మా. అది ఎక్కడ దిగినా ముందు నేను చూస్తాను" అన్నాను. అమ్మ చేతిలో పని ఆపి నా వైపు చూసింది. "సరే. పూచీ నీది. దానికి చీమ కుట్టినా నిన్నే అడుగుతాను" అంది.

ఇంకేం, రోజుకి మూడు ఫోన్లు. ఎక్కడున్నావు, ఏం తిన్నావు, పక్కనెవరు. నాలుగో రోజుకే అది విసుక్కుంది. "పోలీసక్కా, స్టేషన్లో సంతకం పెట్టడానికి కూడా ఇన్నిసార్లు రమ్మనరే!" అని నవ్వింది. నవ్వినా గొంతులో విసుగు దాగలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆప్ ఇంకా జనంలోకి వెళ్ళలేదు. మూడు వందల మందితో పరీక్షిస్తున్నాం. తప్పులు పట్టుకోవడానికని సభ్యుల మధ్య నడిచే సొంత సంభాషణలు కూడా మాకు కనిపించేట్టు ఉంచాం. మా చెల్లికీ నత్తకీ మధ్య నడిచినవన్నీ నేను చదివాను. తప్పే. అప్పుడు మాత్రం తప్పనిపించలేదు, బాధ్యత అనిపించింది.

తొమ్మిది రోజులు మాట్లాడుకున్నారు. మొదట బస్సులు, గదులు. తర్వాత తర్వాత ఇంటి సంగతులు. ఆరో రోజు మా చెల్లి రాసింది: "మా అక్క నన్నింకా బడిపిల్లనే అనుకుంటోంది. ఒక్క రోజైనా ఎవరికీ చెప్పకుండా ఎక్కడికైనా వెళ్ళాలని ఉంది." నాతో ఒక్కరోజు కూడా ఆ మాట అనని పిల్ల, ఖాళీ గుండ్రంతో చెప్పుకుంటోంది! దానికి నత్త జవాబు: "చెప్పే వెళ్ళండి. కనుక్కునే మనిషి ఉండటం అందరికీ రాసిపెట్టి ఉండదు."

చదివితే ఎంత మంచి మాట! నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మంచితనం నటించేవాడు ఇంతకంటే ఏం రాస్తాడు? అక్కని తిడితే పిల్ల జాగ్రత్త పడుతుంది, అక్కని పొగిడితే కరిగిపోతుంది. వీడు ఘటికుడు అనుకున్నాను. వాడు ఏం రాసినా నా అనుమానానికి ఇంకో సాక్ష్యమే అయింది. ఊరుకుంటే కుట్ర, మాట్లాడితే వల.

తొమ్మిదో రోజు సాయంత్రం అది రాత్రి బస్సెక్కి నత్త ఉండే ఊరికి బయలుదేరుతోంది. ఫోన్లో చెప్పాను, "ఒసేయ్, ఆ నత్తగాడు మోసగాడే. నా మాట విను" అని.

"నీకెలా తెలుసక్కా?"

"తెలుసు."

"నేను మాట్లాడాను, నువ్వు మాట్లాడలేదు. నాకు మంచి మనిషే అనిపిస్తోంది. టైర్ల షాపు పైనే దిగుతాను. దిగ్గానే ఫోన్ చేస్తాను, సరేనా?"

పెట్టేసింది. నేను కళ్ళజోడు దగ్గరికి వెళ్ళాను.

తోవలోంచి ఒక సభ్యుణ్ణి తీసెయ్యాలంటే 'తీసెయ్' బటన్ ఇద్దరు నొక్కాలి. ఒకరు నొక్కితే తెర మీద ఎరుపు గీత వస్తుంది. ఇంకొకరు తమ సొంత కంప్యూటర్లోంచి నొక్కితేనే ఆ సభ్యుడు పోతాడు. ఒకరి కోపానికి ఎవరూ బలి కాకూడదని కళ్ళజోడే పట్టుబట్టి పెట్టించాడు ఆ పద్ధతి. తీసేశాక కనిపించే మాట మాత్రం నాది: "జాగ్రత్త! ఈ సభ్యుడు మోసగాడు. ఇతను చెప్పినదేదీ పాటించకండి." దాంతోపాటు ఆ మనిషి రాసినవన్నీ మాయమైపోతాయి. ఆ మాట రాసిన రోజు కూడా అతను నసిగాడు. మోసగాడు చెప్పినవాటిలో ఒకటో రెండో నిజాలుంటే ఏమవుతాయి అన్నాడు. పాలల్లో విషం చుక్క పడితే పాలన్నీ పారబోస్తాం గానీ వడగట్టుకుని తాగుతామా అన్నాను నేను. రేపటికల్లాకి ఆ పోలిక బాగా నచ్చింది.

ఆ సాయంత్రం నేను నా వంతు నొక్కేసి, "నువ్వూ నొక్కు" అన్నాను.

"ఇంతవరకూ ఒక్కరైనా అతని మీద ఫిర్యాదు చేశారా?" అన్నాడు కళ్ళజోడు.

"చేసేదాకా ఆగాలా? చేసేది మా చెల్లే అయితే?"

"రేపు పొద్దున మాట్లాడదాం. ముందు మనమే ఆ నత్తకి రాసి అడుగుదాం." అలా అని లేచి టీకి కిందకి వెళ్ళాడు. కంప్యూటరు తెరిచే ఉంది.

నేను కాసేపు ఆ తెర వైపు చూస్తూ నిలబడ్డాను. రేపు పొద్దున అంటాడేమిటి? రేపు పొద్దునకి అది ఆ ఊళ్ళో దిగిపోతుంది. కింద యంత్రం తిరుగుతోంది, అతని గ్లాసు బల్ల అంచుదాకా వచ్చేసింది. దాన్ని వెనక్కి జరిపినట్టు జరిపి, అతని కంప్యూటర్లోంచి రెండో నొక్కు కూడా నేనే నొక్కేశాను. నత్త పోయింది. అమ్మయ్య అనుకున్నాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

పొద్దున ఎనిమిదింపావుకి చెల్లి దగ్గర్నుంచి మెసేజీ. "అక్కా, నువ్వే గెలిచావు. నత్త మోసగాడంట, మీ ఆప్‌లోనే వచ్చింది. టైర్ల షాపు వైపే పోలేదు. మూడంతస్తుల లాడ్జిలో దిగాను, ఆకుపచ్చ టిక్కు ఉంది. రాత్రంతా బస్సు దుమ్ము. స్నానం చేసొచ్చి ఫోన్ చేస్తా."

నేను నిజంగా ఎగిరి గంతేశాను. అమ్మకి చదివి వినిపించాను. "చూశావా, నా ఆప్ లేకపోతే ఏమయ్యేదో!" అన్నాను. అమ్మ డిపోకి వెళ్ళబోతూ నా తల నిమిరి వెళ్ళింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా తల మీద ఉంది.

తొమ్మిదింటికి ఆఫీసుకి వచ్చాను. ఫోన్ రాలేదు. తొమ్మిదీ పదికి నేనే చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. దానిది పొడుగు జుట్టు, తలంటుకుంటే గంట పడుతుంది అని సర్దిచెప్పుకున్నాను. ఆరోసారి కూడా ఎత్తకపోయేసరికి సర్దిచెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. నా బుద్ధి ఎటు పోయిందో చెప్పనా? నత్త మీదికే పోయింది. ఆప్‌లోంచి గెంటేశారన్న కసితో వాడు లాడ్జికి వచ్చి ఉంటాడు, మెట్ల దగ్గర కాపు కాసి ఉంటాడు అనుకున్నాను.

లాడ్జి నంబరు పట్టుకుని చేశాను. మేనేజరు ఎత్తాడు.

"పొద్దున ఒకమ్మాయి దిగింది, నీలం సంచి. దాని కోసం ఎవడైనా మగాడు వచ్చాడా?"

"ఎవరూ రాలేదమ్మా."

"ఒకసారి తలుపు కొట్టి చూడండి, ఫోన్ ఎత్తట్లేదు."

"స్నానాలు చేసేవాళ్ళందర్నీ తలుపు కొట్టి పిలుస్తూ కూర్చుంటే ఇంక నా పనెప్పుడు చేసుకోను?"

అంతలో ఫోన్లో వెనకనుంచి మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొచ్చిన చప్పుడు. ఒక ఆడగొంతు అరుస్తోంది. "అయ్యా, రెండో అంతస్తు చివరి గదిలో నీళ్ళు పోతూనే ఉన్నాయి! ఎంత కొట్టినా పలకట్లేదు. తాళం ఇవ్వండి, తొందరగా!"

"ఉండవే, ఫోన్లో ఉన్నాను."

"ఆ కిటికీ మూయొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదయ్యా! ఇవ్వండి!"

ఫోన్ కట్టయింది.

కిటికీ ఏమిటో, మూయడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ గదిలో ఉన్నది మా చెల్లి అని మాత్రం అర్థమైంది. కళ్ళజోడు వచ్చి నా చేతిలో నీళ్ళ సీసా పెట్టాడు, మూత తీయడం కూడా నాకు చేతకాలేదు. దాని నంబరుకి చేస్తూనే ఉన్నాను. చివరికి ఎవరో ఎత్తారు. అదే ఆడగొంతు, రొప్పుతూ.

"మీరు అక్కయ్యా? ఫోన్ మీద 'అక్క' అని వస్తోంది. ఊపిరుందమ్మా. ఊపిరుంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం."

"మీరెవరు?"

"గదులు ఊడ్చేదాన్నమ్మా. మీరు బయలుదేరి రండి."

అమ్మకి ఫోన్ చేస్తే, డిపోలో పనిచేస్తున్నందుకు ఆ ఊరి బస్సు ఎన్నింటికో టక్కున చెప్పింది. అంతే చెప్పగలిగింది. తర్వాత ఏడుపు. సెలవు దొరకలేదు, సాయంత్రం బస్సుకి వస్తానంది. నేను నాలుగు గంటలు ఒక్కదాన్నే కూర్చుని వెళ్ళాను. దారి పొడుగునా ఆ పనామె గురించే ఆలోచించాను. మేనేజరు కంటే ముందు ఆవిడకెలా తెలిసింది? గదిలోకి అందరికంటే ముందు వెళ్ళింది ఆవిడే కదా? మనిషి చావుబతుకుల్లో ఉంటే నా బుర్ర చేసే పని అది.

చెల్లి మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకి గొట్టం. పెదాలు పాలిపోయాయి గానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. దాన్ని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. మంచం పక్కన స్టూలు మీద ఒకావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. మోచేతికి కట్టు. దాని నీలం సంచి ఆవిడ ఒళ్ళోనే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, కన్నీళ్ళు తుడుచుకుంటూనే నా చూపు సంచి జిప్పు మీదికి పోయింది, మూసి ఉందా లేదా అని. ఆవిడ అది చూసింది. సంచి తీసి మంచం మీద పెట్టింది.

"అక్కా," అంది చెల్లి, గొంతు బొంగురుగా ఉంది. "ఈవిడెవరో తెలుసా? నత్త."

నేను ఆవిడ మోచేతి కట్టు వైపు చూశాను.

మిగతాది ఆవిడే చెప్పింది, నేరం తనే చేసినట్టు మెల్లగా. "ఆ బాత్రూంలో గ్యాస్ గీజరుందమ్మా. ఇదివరకు కిటికీ ఉండేది, పొగ బయటికి పోయేది. పోయిన నెల మా ఓనరు వెనక ఇంకో గది కట్టించి కిటికీ మూసేశాడు. అప్పట్నుంచి అందులో ఎక్కువసేపు స్నానం చేసినవాళ్ళకి తల తిరుగుతోంది. ఒకాయన గుమ్మంలోనే కూలబడ్డాడు. ఎండదెబ్బ అన్నారు. చెబితే నన్ను నోర్మూసుకోమన్నారు."

"మరి ఆప్‌లో ఆ మాటే రాయొచ్చుగా? గీజరని, కిటికీ అని?"

"వాళ్ళు కాక కిటికీ సంగతి తెలిసింది నాకూ మేస్త్రీకీ. రాస్తే రాసిందెవరో తెలిసిపోదా? ఇద్దరు పిల్లలున్నారమ్మా నాకు. గదుల పని అయ్యాక రెండు గంటలు ఖాళీ దొరుకుతుంది. ఒక పిల్ల దిగినప్పుడు ఈ ఆప్ చూపించింది. నాకు తెలిసిన ఊరొక్కటే, దాని గురించి చెబుదాంలే అనుకున్నాను. తలుపు గడియ విరగ్గొట్టానని పొద్దున ఎలాగూ పనిలోంచి తీసేశారు. ఇక ఇప్పుడు రాసినా ఫరవాలేదు."

ఇరవై ఆరు మంది బాగుందన్నారు ఆ లాడ్జిని. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్క రాత్రి ఉండి, కిటికీ తెరిచి ఉన్న రోజుల్లో స్నానం చేసి, టిక్కు కొట్టి వెళ్ళిపోయారు. కిటికీ మూసేశారని చెప్పగలిగేది ఎక్కడికీ వెళ్ళని మనిషే. ఆ మనిషికి నా షరతుల్లో చోటు లేదు.

"నాకు ఒకటే అర్థం కావట్లేదక్కా," అంది చెల్లి. "రాత్రి పదింటికి బస్సులో చూస్తే నత్త మోసగాడని ఉంది. ఎవరు పెట్టారది? ఆ లాడ్జి ఓనరు మీ ఆఫీసులో ఎవర్నో కొనేసి ఉంటాడు. వాడెవడో పట్టుకో. నువ్వైతే పట్టుకోగలవు."

నా చేతిలో ఫోన్ మోగింది. రేపటికల్లా. ఎత్తితే ఆయన గొంతు గదంతా వినిపించేంత పెద్దగా ఉంది.

"మీ చెల్లికెలా ఉంది? బతికిందిగా? చాలు. విను, నేను రికార్డు తీయించాను. అక్కడ స్నానం వద్దని ఆ నత్త చెప్పింది నిజమని తేలింది కదా, మరి ఎవరు తీసేశారని చూస్తే నీ పేరూ కళ్ళజోడు పేరూ ఉన్నాయి. నీ సంగతి నాకు తెలుసు, సొంత చెల్లెలికి ఎవరూ అలా చెయ్యరు. అతను నొక్కలేదంటున్నాడు. మరి దయ్యం నొక్కిందా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. ఇవాళే పంపించేస్తున్నాను. ఎంత తిన్నాడో పోలీసులే కక్కిస్తారు. నువ్వు అవునని ఒక్క మాట అను, చాలు."

"అతనేమన్నాడు?"

"నిన్ను అడగమన్నాడు. అంతే. ఇంకో మాట లేదు."

తను టీకి వెళ్ళినప్పుడు కంప్యూటరు తెరిచే ఉందనీ, దాని ముందు నేనే ఉన్నాననీ అతనికి తెలుసు. చెప్పలేదు. చెల్లి నా మొహంలోకే చూస్తోంది. ఆవిడ చూపు దించుకుంది. ఊరికే అవుననేస్తే అయిపోతుంది. చెల్లికి దొంగ దొరుకుతాడు, అమ్మ నా తల మీద నుంచి చెయ్యి తియ్యదు, నేను పోలీసక్కగానే మిగిలిపోతాను. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం అవుతుంది. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా.

"సార్, అతను కాదు," అన్నాను. "రెండుసార్లూ నేనే నొక్కాను. రెండోది అతని కంప్యూటర్లోంచి. అతను వద్దన్నాడు."

ఆయన ఏదో అరుస్తున్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఆవిడ లేచి, నీళ్ళు తెస్తానని చెప్పి, సీసా నిండుగానే ఉన్నా తీసుకుని బయటికి వెళ్ళింది.

"మా మాటలు చదివావా?" అంది చెల్లి.

"చదివాను."

"అన్నీ?"

"అన్నీ."

"ఆవిడ నిన్ను పొగిడింది కూడా?"

"అదీ చదివాను. నటిస్తోందనుకున్నాను."

అది ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంది. కోప్పడుతుందేమో, రెండు తిడుతుందేమో అని నేను ఎదురుచూశాను. తిడితే బాగుండును.

"తొమ్మిది రోజులు మాట్లాడానక్కా ఆవిడతో. ఆలోచించి నమ్మాను. నీకు చెప్పాను కూడా, మంచి మనిషే అనిపిస్తోందని. నువ్వు నమ్మనిది ఆవిణ్ణి కాదు. నన్ను."

కాదు అనడానికి నోరు తెరిచాను. దాని పాలసీసాలు కడిగాననీ, దానికోసమే చేశాననీ చెప్పాలనుకున్నాను. అవన్నీ నిజాలే. కానీ చెల్లి అన్నదానికి అవి జవాబు కావు.

"అవునే," అన్నాను.

అది తల ఊపింది. ఏడుస్తున్నానని తెలిసి నా చెయ్యి పట్టుకుంది కూడా. పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో తన ఫోన్లోంచి తోవ తీసేసింది.

"డాక్టరు ఎల్లుండి పంపిస్తామన్నాడు," అన్నాను ముక్కు చీదుకుంటూ. "అమ్మ రాత్రికి వస్తోంది. ముగ్గురం కలిసి ఇంటికి వెళ్దాం."

"మీరు వెళ్ళండి. నాకింకా పదకొండు రోజులున్నాయి."

"పిచ్చా నీకు? ఎక్కడికి వెళ్తావు?"

అది నా చెయ్యి వదల్లేదు. మొహం కూడా తిప్పుకోలేదు.

"నీకు చెప్పనక్కా," అంది.

నేను మళ్ళీ అడగలేదు.